బీటెక్ అమ్మాయిలకు ఇంటర్న్‌షిప్: వెతకడం దగ్గర్నుంచి ఆఫర్ దాకా

ఫైనల్ ఇయర్ అమ్మాయిలు రెజ్యూమె చూసి పెట్టమని పంపుతుంటారు. చాలావాటిలో ఇంటర్న్‌షిప్స్ అన్న హెడ్డింగ్ కింద మూడు నాలుగు పేర్లుంటాయి. ఒక్కోటి నాలుగు వారాలో ఆరు వారాలో, అన్నీ ఆన్‌లైన్‌లోనే, అన్నిటికీ రంగురంగుల సర్టిఫికెట్. సరే, అక్కడ నీ పని చూసినవాళ్లెవరు, ఇప్పుడు ఫోన్ చేస్తే నీ గురించి రెండు ముక్కలు చెప్పేవాళ్లున్నారా అని అడిగితే మాత్రం అవతలి నుంచి జవాబు రాదు.

నా లెక్కలో ఇంటర్న్‌షిప్ వల్ల మిగలాల్సింది అదే. మీరు చేసిన పనిని కళ్లారా చూసి, రేపు ఎవరైనా అడిగితే మీ పేరు ధైర్యంగా చెప్పగలిగే ఒక ఇంజినీరు. అబ్బాయిలకు ఇలాంటి మనుషులు కొంతవరకు ఊరికే దొరుకుతారు, సీనియర్‌తో టీ కొట్టు దగ్గర, రాత్రి పదింటి దాకా ల్యాబ్‌లో, బాబాయికి తెలిసిన వర్క్‌షాప్‌లో. చీకటి పడకుండానే గేటు వేసేసే లేడీస్ హాస్టల్లో ఉన్న అమ్మాయికి ఆ దారుల్లో సగం మూసుకుపోయి ఉంటాయి, కాబట్టి ఆ మనిషిని పనిగట్టుకుని వెతుక్కోవాలి. కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఎటు పోవాలో తేలక టెన్షన్ పడితే ఒక్కటే అడగండి: ఇక్కడ నా పని ఎవరు చూస్తారు?

1. ముందు ఏ రకం కావాలో తేల్చుకోండి

మోటుగా చెప్పాలంటే నాలుగు రకాలు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వేసవి ఇంటర్న్‌షిప్, బాగా చేస్తే అక్కడే ఉద్యోగం ఇస్తారు, దాన్నే పీపీవో అంటారు. రెండోది ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు, ఇంట్లో కూర్చుని చేసేది. మూడోది ఐఐటీల్లోనో పరిశోధన సంస్థల్లోనో ఒక ప్రొఫెసర్ దగ్గర చేసేది. నాలుగోది కోర్, అంటే ప్లాంటు, పవర్ స్టేషన్, సైట్, డిజైన్ ఆఫీసు.

సీఎస్ఈ వాళ్లకు మొదటి రెండు, ఎమ్మెస్ చేయాలనో పరిశోధన వైపు వెళ్లాలనో ఉన్నవాళ్లకు మూడోది. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ అమ్మాయిలకు మాత్రం నేను గట్టిగా చెప్పేది, ఒక్క వేసవి అయినా నాలుగో రకం చేయండి. "అమ్మాయివి, నీకు ప్లాంటు ఎందుకమ్మా, ఏదో పైథాన్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లు" అని చెప్పేవాళ్లు కాలేజీలోనే పదిమంది ఉంటారు. నిజంగా సాఫ్ట్‌వేరే ఇష్టమైతే వెళ్లండి, తప్పేం లేదు, కానీ ప్లాంటు మొహం చూడకుండానే అది నా వల్ల కాదని తేల్చేసుకోవద్దు.

2. క్యాలెండర్ గోడకు తగిలించండి

చాలామంది చేజార్చుకునేది ఇక్కడే. ఏప్రిల్‌లో పరీక్షల ముందు గుర్తొస్తుంది వేసవి ఇంటర్న్‌షిప్ సంగతి, అప్పటికి మంచివన్నీ అయిపోయి ఉంటాయి.

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు 3-2 (మూడో ఏడు రెండో సెమిస్టర్) తర్వాతి వేసవికి మనుషుల్ని 3-1 మొదట్లోనే, అంటే జూలై నుంచి అక్టోబరు మధ్యే ఎక్కువగా తీసేసుకుంటాయి. దానికి సిద్ధం కావాల్సింది 2-2 సెలవుల్లో. సైన్స్ అకాడమీల వాళ్లు ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తులు మామూలుగా నవంబరు చివరికల్లా ముగుస్తాయి. ఇంజినీరింగ్ వాళ్లూ పెట్టుకోవచ్చు, ఈ సంగతి మన కాలేజీల్లో చాలామందికి తెలియదు. ఐఐటీ హైదరాబాద్ 'ష్యూర్', ఐఐటీ మద్రాస్ సమ్మర్ ఫెలోషిప్ లాంటివాటికి కొత్త సంవత్సరం వచ్చిన దగ్గర్నుంచి వేసవి దాకా నోటిఫికేషన్లు వస్తాయి, వాళ్ల సైట్లు నెలకోసారి చూస్తుండాలి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తులు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో. ప్రభుత్వ రంగ ప్లాంట్లకు కాలేజీ లెటర్‌తో రెండు మూడు నెలల ముందే వెళ్లాలి.

కాలేజీ వైపు లెక్క కూడా చూసుకోండి. ఆంధ్రలో ఆర్20 (2020 నాటి సిలబస్ నిబంధనలు) నుంచి వేసవి ఇంటర్న్‌షిప్ సిలబస్‌లోనే తప్పనిసరి అయింది, చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్‌కో ప్రాజెక్టుకో వదిలేశారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22లో ఇండస్ట్రీ ఓరియెంటెడ్ మినీ ప్రాజెక్టుకు బదులు ఇంటర్న్‌షిప్ చేసుకోవచ్చు. సెమిస్టర్ మధ్యలో వెళ్లాల్సి వస్తే 75 శాతం హాజరు మెలిక ఉండనే ఉంది. హెచ్‌వోడీ నోటిమాటగా "వెళ్లమ్మా, నేను చూసుకుంటా" అంటే నమ్ముకుని వెళ్లొద్దు. పర్మిషన్ కాగితం మీద తీసుకోండి, సెమిస్టర్ చివరికి హెచ్‌వోడీలు మారిపోయిన సందర్భాలు ఉన్నాయి.

3. చూపించడానికి ఒక పని ఉండాలి

ఒకటి చాలు, కానీ మొదలు నుంచి చివరిదాకా మీదే అయి ఉండాలి. యూట్యూబ్ చూసి కట్టిన లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రతి రెజ్యూమెలోనూ ఉంటుంది, దాన్ని ఎవరూ రెండోసారి చూడరు. మీ ఊళ్లో పాలకేంద్రంలో రోజూ రాసే లెక్కలను ఫోన్లో పెట్టే చిన్న యాప్, మీ పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర ఫేజ్ పోతే మెసేజ్ పంపే పరికరం, హాస్టల్ నీళ్ల ట్యాంకు లెవెల్ చూపించే సెన్సర్, ఇలాంటిదేదైనా. అది పనిచేస్తుండగా తీసిన నిమిషం వీడియో, కోడ్ గిట్‌హబ్‌లో, అందులో రీడ్‌మీ ఫైల్లో ఏం చేశారో, ఎక్కడ ఇబ్బంది వచ్చిందో, దాన్ని ఎలా దాటారో అర పేజీ.

కోర్ వాళ్లకైతే ఒక భాగాన్ని కొలిచి, గీసి, టాలరెన్సులతో సహా డ్రాయింగ్ తయారు చేయడం. పాత మిక్సీ మోటారు విప్పి వైండింగ్ రెసిస్టెన్స్ కొలిచి రాసిన రెండు పేజీలు నా దృష్టిలో పది ఆన్‌లైన్ కోర్సులతో సమానం.

రెజ్యూమె ఒక్క పేజీ దాటకూడదు. ఫొటో, నాన్న పేరు, పెళ్లయిందా లేదా, ఇవేమీ అక్కర్లేదు. బ్యాక్‌లాగ్స్ ఉంటే అందులో రాయక్కర్లేదు, అడిగితే మాత్రం దాచొద్దు.

4. ఎక్కడ వెతకాలి

ముందు అమ్మాయిల కోసమే పెట్టినవి. అమెజాన్ వావ్, ఫ్లిప్‌కార్ట్ రన్‌వే, హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్న డీఈ షా వాళ్ల దేసిస్ అసెండ్ ఎడ్యుకేర్, అడోబీ ఇండియా విమెన్ ఇన్ టెక్నాలజీ స్కాలర్‌షిప్ లాంటివి. అడోబీది ట్యూషన్ ఫీజుతో పాటు ఇంటర్న్‌షిప్ అవకాశం కూడా ఇచ్చేది. హైదరాబాద్ టాలెంట్‌స్ప్రింట్ వాళ్లు గూగుల్ సాయంతో చదువు తొలి ఏళ్లలో ఉన్న అమ్మాయిల కోసం 'వీ' ప్రోగ్రాం నడిపారు. గూగుల్ 'స్టెప్' అమ్మాయిలకే అని కాదు గానీ, చదువు తొలి ఏళ్లలో ఉన్నవాళ్ల కోసం పెట్టింది. ఏ ఏడు ఏది నడుస్తుందో, ఏ బ్యాచ్‌కో మారుతూ ఉంటుంది. ఎవరో ఫార్వర్డ్ చేసిన వాట్సాప్ మెసేజ్ చూసి ఆగిపోకుండా ఆ కంపెనీ కెరీర్స్ పేజీలోనే చూడండి.

"ఇవి అమ్మాయిలకు ఈజీగా ఇచ్చేస్తారు" అని క్లాసులో అబ్బాయిలు అంటుంటారు, పట్టించుకోవద్దు. ఈ ప్రోగ్రాంలతో మీ రెజ్యూమె ఒక మనిషి చేతిలో పడుతుంది, ఒక మెంటర్ దొరుకుతారు. ఆ తర్వాత కోడింగ్ టెస్ట్, ఇంటర్వ్యూ మీరే గట్టెక్కాలి, అక్కడ రాయితీ ఏమీ ఉండదు.

ఓపెన్ సోర్స్‌లో ఔట్‌రీచీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిన్న ఊరి కాలేజీ అమ్మాయికి ఇంతకంటే సరిపడేది నాకు కనపడలేదు. గ్నోమ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో 2006లో అమ్మాయిల కోసం మొదలైన ప్రయత్నం పెరిగి పెద్దదై ఇలా అయింది. మూడు నెలలు, ఇంటి నుంచే, 7,000 డాలర్ల స్టైపెండ్. కాలేజీ పేరు చూసి వడపోత ఉండదు. ముందు ఒక దరఖాస్తు, అందులో మీ రంగంలో మీలాంటివాళ్లకు ఎలాంటి వివక్ష ఎదురవుతుందో రాయమంటారు. అక్కడ పెద్ద పెద్ద మాటలు వద్దు, మీ సంగతి మీరు రాయండి. కాలేజీ సెలవుల తేదీలు కూడా అడుగుతారు, అవి కుదరకపోతే ఆ దరఖాస్తు అక్కడితోనే ఆగిపోతుంది, కాబట్టి అకడమిక్ క్యాలెండర్ దగ్గర పెట్టుకుని నింపండి. అది దాటితే కొన్ని వారాలపాటు ఒక ప్రాజెక్టుకు నిజంగా పనిచేసి చూపించాలి, మెంటర్లు ఆ పని చూసే ఎంచుకుంటారు. ఎంపిక కాకపోయినా మీ ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మీరు చేసిన మార్పులు, అందరికీ కనపడేలా మిగిలిపోతాయి, వాటిని చదివి సరిదిద్దిన మనిషి ఒకరు ఉంటారు.

ఇక కోర్. మన దగ్గర ఎన్ని ఉన్నాయో ఒక్కసారి లెక్కేయండి. విశాఖలో స్టీల్ ప్లాంటు, హిందుస్థాన్ షిప్‌యార్డ్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, పక్కనే సింహాద్రి ఎన్టీపీసీ. ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్, పాల్వంచలో కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రాలు, రామగుండంలో ఎన్టీపీసీ, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్. పెనుకొండలో కియా, శ్రీసిటీ నిండా ఫ్యాక్టరీలు. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో ల్యాబులు, బాలానగర్‌లో ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ. ఈసీఈ వాళ్లకు హైదరాబాద్‌లో చిప్ డిజైన్ కంపెనీలు వరసగా ఉన్నాయి.

ప్రభుత్వ సంస్థల్లో పద్ధతి దాదాపు ఒకటే: కాలేజీ నుంచి ప్రిన్సిపల్ సంతకంతో లెటర్, బోనఫైడ్, మార్కుల జాబితా, ఫొటోలు, కొన్నిచోట్ల పోలీసు వెరిఫికేషన్. అది హెచ్ఆర్‌డీ లేదా ట్రైనింగ్ విభాగానికి వెళ్లాలి. చాలావాటిలో స్టైపెండ్ ఉండదు, కొన్నిచోట్ల వాళ్లే కొంత ఫీజు కట్టించుకుంటారు, అది మోసం కాదు, రసీదు ఇస్తారు. ఐదారుగురు అమ్మాయిలు కలిసి ఒకేసారి పెట్టుకోండి. ఒక్క అమ్మాయి అంటే సందేహించే ట్రైనింగ్ ఆఫీసరు గుంపు అనేసరికి బ్యాచ్ వేసేస్తాడు, రూము, ఆటో ఖర్చు కూడా పంచుకోవచ్చు.

ప్లాంటు అంటే భయపడేవాళ్లకు లలిత గారి సంగతి చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత, మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాళ్ల అమ్మాయి, 1919లో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చేతిలో నెలల పాప. వాళ్ల నాన్న పాఠం చెప్పే గిండీ ఇంజినీరింగ్ కాలేజీలోనే 1940లో ఎలక్ట్రికల్‌లో చేరారు. మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు ఆవిడే. డిగ్రీ పట్టాలో 'అతడు' అని అచ్చయి ఉంటే దాన్ని కొట్టేసి 'ఆమె' అని రాసి ఇచ్చారు. ఆ రోజుల్లో కోర్సుతో పాటు ప్రాక్టికల్ ట్రైనింగ్ ఉండేది, ఆవిడ అది చేసింది ఎక్కడో బీహార్‌లో ఉన్న జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో. తర్వాత కలకత్తాలో ఏఈఐ కంపెనీలో చేరి భాక్రా నంగల్ డ్యాం పనుల్లోనూ పాలుపంచుకున్నారు. అప్పట్లో జమాల్‌పూర్ వెళ్లగలిగిన అమ్మాయి ఉందంటే, గాజువాక నుంచి స్టీల్ ప్లాంటుకు వెళ్లడం గురించి ఇంట్లో అంత చర్చ అవసరమా అని నాకనిపిస్తుంది.

మైనింగ్ వాళ్లకో మాట. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి రానివ్వలేదు. 2019లో కేంద్రం దాన్ని సడలించి, సూపర్‌వైజరీ, టెక్నికల్ ఉద్యోగాలకు పగటిపూట దిగొచ్చని చెప్పింది. కాబట్టి సింగరేణిలో ట్రైనింగ్ అడిగినప్పుడు "ఆడపిల్లలకు కుదరదు" అని ఎవరైనా అంటే అది పాత మాట.

5. మెయిల్ రాయడం

చిన్న, మధ్యరకం కంపెనీలకూ ప్రొఫెసర్లకూ నేరుగా మెయిల్ పెట్టడం మనవాళ్లకు మొహమాటం. అలవాటు చేసుకోండి. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేరు కొట్టి, ఆ కంపెనీలో ఉన్న సీనియర్లను వెతకండి. అక్కలు కనబడితే ముందు వాళ్లకే రాయండి, చాలామంది బదులిస్తారు.

ఎలా రాయకూడదంటే: "గౌరవనీయులైన సర్, నేను కష్టపడే మనస్తత్వం గల విద్యార్థినిని, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అవకాశం ఇస్తే నా నైపుణ్యాలు మెరుగుపరచుకుంటాను." ఇలాంటివి రోజుకు యాభై వస్తాయి వాళ్లకు.

ఎలా రాయాలంటే, మీరు ఇంగ్లిష్‌లోనే రాస్తారు గానీ సారం ఇది: "నేను ఫలానా కాలేజీలో ట్రిపుల్ఈ మూడో ఏడు. మీరు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెస్టింగ్ చేస్తారని మీ సైట్‌లో చూశాను. మా ల్యాబ్‌లో ఆయిల్ బ్రేక్‌డౌన్ వోల్టేజ్ పరీక్ష చేసి, రీడింగులు ఎందుకు చెదిరిపోతున్నాయో రాసిన రెండు పేజీలు జతచేశాను. మే 10 నుంచి ఆరు వారాలు ఖాళీ. టెస్టింగ్ విభాగంలో పని నేర్చుకుంటూ చేయడానికి వీలుంటుందా? వసతి నేనే చూసుకుంటాను." ఐదారు లైన్లు, ఒక అటాచ్‌మెంట్, తేదీలు. వసతి మాట కావాలనే పెట్టమంటున్నా, అమ్మాయి అనగానే వాళ్లకు ముందు వచ్చే సందేహం అదే, దాన్ని అడగకముందే తీర్చేస్తే మేలు.

వారం తర్వాత ఒకసారి గుర్తుచేయండి. రెండోసారి కూడా బదులు రాకపోతే వదిలేసి ఇంకొకరికి రాయండి. ఎక్కువమంది బదులివ్వరు, అది మీ గురించి కాదు.

6. డబ్బులడిగేవాళ్లు

రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్, సర్టిఫికెట్ ఛార్జీ, ఏ పేరుతోనైనా ప్రైవేటు సంస్థ డబ్బడిగితే అది ఇంటర్న్‌షిప్ కాదు, కోర్సు అమ్ముతున్నారు. కోర్సు కావాలంటే కోర్సనుకునే కొనుక్కోండి. ఇంటర్వ్యూ లేకుండా గంటలో ఆఫర్ లెటర్ వచ్చినా, జీమెయిల్ ఐడీ నుంచి వచ్చినా, కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కొడితే దొరకకపోయినా ఆగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు, పెద్ద కంపెనీ పేరు చెప్పినా సరే.

సిలబస్‌లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక కాలేజీలే ఏదో ఒక సంస్థతో మాట్లాడి బ్యాచ్ మొత్తానికి ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఇప్పించే పద్ధతి చాలాచోట్ల వచ్చింది. మార్కుల కోసం అది చేయక తప్పకపోతే చేసేయండి, కానీ వేసవి దానికే ధారపోయొద్దు. నమ్మకంగా వెతకడానికి ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్ ఉంది, అందులోనూ ఎవరు పెట్టారో ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సిందే.

7. టెస్ట్, ఇంటర్వ్యూ

దీని మీద బోలెడంత సమాచారం దొరుకుతుంది కాబట్టి క్లుప్తంగా. సాఫ్ట్‌వేర్‌కు అర్రేలు, స్ట్రింగులు, ట్రీలు, గ్రాఫులు, డీపీ (డైనమిక్ ప్రోగ్రామింగ్) రోజూ కొంచెం చొప్పున ఆరు నెలలు. కోర్‌కు బేసిక్స్, మీ రెజ్యూమెలో ఉన్న ప్రతి పదం. తెలియనిది అడిగితే మౌనంగా కూర్చోకండి, "ఇది తెలియదు, ఇలా ఆలోచిస్తాను" అని పైకి చెప్పండి. మన అమ్మాయిల్లో తప్పు మాట్లాడతామేమోనని మాట్లాడకపోవడమే ఎక్కువ, అవతలివాళ్లకు అది తెలియకపోవడంలాగే కనిపిస్తుంది. ఇద్దరు ఫ్రెండ్స్ ఒకరినొకరు గట్టిగా ఇంటర్వ్యూ చేసుకుంటే చాలావరకు పోతుంది.

పెళ్లెప్పుడు, నైట్ షిఫ్ట్‌కు ఇంట్లో ఒప్పుకుంటారా లాంటి ప్రశ్నలు ఇప్పటికీ కొందరు అడుగుతారు. వాదన పెట్టుకోకుండా "ఈ పనికి కావాల్సిన టైమింగ్స్‌కు నేను సిద్ధమే, షిఫ్టులు ఎలా ఉంటాయో చెప్పండి" అంటే చాలు, బంతి వాళ్ల కోర్టులో పడుతుంది.

8. ఇల్లు, హాస్టల్, బస్సు

ఆఫర్ వచ్చాక ఇంట్లో ఆగిపోయేవి చాలా ఉన్నాయి. అమ్మానాన్నల్ని ఒప్పించడానికి ఏడవడం, అలగడం కన్నా ఒక కాగితం బాగా పనిచేస్తుంది. దాని మీద కంపెనీ అడ్రస్, గైడ్ పేరు, ఆఫీసు ల్యాండ్‌లైన్, పని వేళలు, హాస్టల్ పేరు, వార్డెన్ నంబరు, రోజూ ఏ బస్సులో వెళ్లొస్తారో, నెలకు ఎంత ఖర్చో, తోడు ఎవరున్నారో రాసి పెట్టండి. వీలైతే మొదటి రోజు నాన్ననే వెంట తీసుకెళ్లండి, గేటు దాకా వచ్చి చూసి వెళ్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

హాస్టల్ ఫొటోలు చూసి అడ్వాన్స్ పంపొద్దు. అమీర్‌పేట, ఎస్ఆర్‌నగర్, కేపీహెచ్‌బీ, మాదాపూర్, ఎక్కడ చూసినా లేడీస్ హాస్టళ్లే, వెళ్లి రెండు రోజులు ఉండి చూసి నెల కట్టండి. గేటు ఎన్నింటికి వేస్తారు, షిఫ్ట్ ఆలస్యమైతే రానిస్తారా, మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్స్ ఎంత తిరిగిస్తారు, ఈ మూడూ ముందే అడగండి.

బస్సు ఖర్చులో ఒక మెలిక ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఉచితం, కానీ ఏ రాష్ట్రం వాళ్లకు ఆ రాష్ట్రంలోనే. ఒంగోలు ఆధార్‌తో హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ చేసే అమ్మాయి టికెట్ కొనాల్సిందే, నెల బడ్జెట్‌లో పాస్ ఖర్చు వేసుకోండి.

డబ్బుకు ఇబ్బందిగా ఉంటే ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ గుర్తుంచుకోండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్న అమ్మాయిలకు ఏడాదికి 50,000, ఇంట్లో ఇద్దరి దాకా. ఇంటర్న్‌షిప్‌కని ఇచ్చేది కాదు, దేనికైనా వాడుకోవచ్చు. మొదటి ఏడాదిలోనే పెట్టుకోవాలి, కాబట్టి ఇది చెల్లెళ్లకు చెప్పాల్సిన మాట.

9. మొదటి వారం

ప్లాంటుకు వెళ్లేవాళ్లు ముందురోజే ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి. సేఫ్టీ షూస్ మీ సైజులో ఉన్నాయా, మీరు పనిచేసే షెడ్డుకు దగ్గర్లో లేడీస్ టాయిలెట్ ఎక్కడుంది. నవ్వులాట కాదు. స్టోర్స్‌లో షూస్ ఏడో నంబరు నుంచి మొదలవుతాయి, మీది నాలుగో నంబరు. ఇంత పొడుగు షూస్‌లో రెండు జతల సాక్సులు తొడుక్కుని నిచ్చెన ఎక్కడం ప్రమాదం, షూస్ లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. సొంతంగా ఐఎస్ఐ మార్కున్న జత కొనుక్కుని వెళ్లడం ఉత్తమం. టాయిలెట్ అడ్మిన్ బ్లాకులో ఉంటుంది, షెడ్డు నుంచి నడిస్తే పది నిమిషాలు, అందుకని నీళ్లు తాగడం మానేసే అమ్మాయిలున్నారు, మే నెల ఎండలో ఫర్నేస్ పక్కన అది చాలా ప్రమాదం. నీళ్లు తాగండి, వెళ్లాల్సినప్పుడల్లా చెప్పి వెళ్లండి. చున్నీ, వదులు జడ, గాజులు, ముక్కుపుడకకు వేలాడేవి ఏవీ తిరిగే యంత్రాల దగ్గరికి రాకూడదు. జడ ముడేసి హెల్మెట్ లోపలికి.

తర్వాతది పని. చాలాచోట్ల అమ్మాయిని చూడగానే ఏసీ గదిలో కూర్చోబెట్టి ఎక్సెల్ షీట్లు, పీపీటీలు అప్పగిస్తారు, అబ్బాయిల్ని మాత్రం ఫ్లోర్ మీదకు పంపుతారు. చెడుగా కాదు, "ఎండలో ఎందుకమ్మా" అన్న జాలితోనే. ఆ జాలితో వేసవి అంతా పోతుంది. మూడో రోజుకల్లా గైడ్‌తో చెప్పేయండి: "సార్, రిపోర్టు సాయంత్రం చేసి ఇస్తాను, పొద్దున రెండు గంటలు టెక్నీషియన్‌తో ఫ్లోర్ మీద ఉంటాను." సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే జరుగుతుంది, మీటింగ్ నోట్స్, టెస్ట్ కేసుల షీట్లు, టీమ్ లంచ్ ఏర్పాట్లు చల్లగా అమ్మాయి నెత్తిన పడతాయి. ఒకసారి చేయండి, రెండోసారి వంతులు వేద్దామనండి, ప్రొడక్షన్‌లోకి వెళ్లే చిన్న కోడ్ ముక్క ఒకటైనా అడిగి తీసుకోండి.

టెక్నీషియన్లను గౌరవించండి. ఇరవై ఏళ్లుగా ఆ మెషిన్ మీద ఉన్న ఆపరేటరుకు డిప్లొమా కూడా ఉండకపోవచ్చు, కానీ బేరింగ్ శబ్దం విని చెప్పేస్తారు. అన్నా అనో గారూ అనో పిలిచి, వాళ్ల టీ టైములో అడిగితే మీ గైడ్ చెప్పనివి కూడా చెబుతారు.

రోజూ సాయంత్రం పది నిమిషాలు లాగ్‌బుక్. కాలేజీకి చూపించడానికి రాసే "ఈరోజు బాయిలర్ గురించి నేర్చుకున్నాను" లాంటిది కాదు. ఇలా: "రెండో పంపు డ్రైవ్ ఎండ్ దగ్గర వైబ్రేషన్ ఎక్కువ. కప్లింగ్ అలైన్‌మెంట్ చూశారు, సరిగానే ఉంది. ఫౌండేషన్ బోల్టు ఒకటి వదులు. బిగించాక తగ్గింది. ప్రశ్న: బోల్టు వదులైతే వైబ్రేషన్ ఏ దిశలో ఎక్కువ ఉండాలి?" ఆ ప్రశ్న మర్నాడు గైడ్‌ను అడగండి. ఇలా అడిగే ఇంటర్న్‌ను ఎవరూ మర్చిపోరు.

సగం గడువు అయ్యాక పదిహేను నిమిషాలు టైమ్ అడిగి, ఎలా చేస్తున్నాను, ఏం మార్చుకోవాలి అని అడగండి. చివరి రోజు తెలిస్తే ఏం లాభం?

10. ఏదైనా తేడాగా జరిగితే

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉద్యోగినులకే కాదు, జీతం ఉన్నా లేకున్నా ట్రైనీలకు, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తుంది. "నువ్వు ఇంటర్న్‌వి, నీకు వర్తించదు" అని ఎవరైనా అంటే అబద్ధం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అందులో సభ్యుల పేర్లు అందరికీ కనపడేలా పెట్టాలి, చేరిన రోజే ఆ బోర్డు ఫొటో తీసుకోండి. అంతకన్నా చిన్న సంస్థైతే జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. కేంద్రం వాళ్ల షీ-బాక్స్ పోర్టల్లోనూ పెట్టొచ్చు. మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు, తేదీ, టైము, పక్కన ఎవరున్నారో అదే రోజు రాసుకోండి. అర్జెంటుగా సాయం కావాలంటే 112, మహిళా హెల్ప్‌లైన్ 181, తెలంగాణలో షీ టీమ్స్.

సర్టిఫికెట్ ఆపేస్తారని భయపడి భరించకండి. కాలేజీలోనూ కమిటీ ఉంటుంది, ముందు నమ్మకమైన ఒక మేడమ్‌కు చెప్పండి, ఇంకోచోటికి మార్చమనండి.

11. చివరి రెండు వారాలు, ఆ తర్వాత

చివరి వారంలో అందరూ రిపోర్టు మీద పడతారు, మీరు రెండు వారాల ముందే మొదలుపెట్టండి. పది నిమిషాల ప్రజెంటేషన్ ఇస్తానని గైడ్‌ను మీరే అడగండి, వాళ్ల మేనేజర్‌ను కూడా పిలవమనండి. సమస్య ఏంటి, ఏం చేశాను, ఎంత మారింది, ఇంకా ఏం మిగిలింది, నాలుగు స్లైడ్లు చాలు. కంపెనీ డ్రాయింగులు, కోడ్, ఫొటోలు బయటికి తేవడానికి పర్మిషన్ ఉందో లేదో కనుక్కోకుండా లింక్డ్‌ఇన్‌లో పెట్టొద్దు.

పీపీవో గురించి నోరు తెరిచి అడగండి: "ఇక్కడ ఫుల్‌టైమ్ చేరాలని ఉంది, ఎప్పుడు, ఎలా తీసుకుంటారు?" అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు, అడగకపోతే ఆసక్తి లేదనుకుంటారు. సర్టిఫికెట్‌లో తేదీలు, విభాగం, ప్రాజెక్టు పేరు సరిగ్గా ఉన్నాయో లేదో గేటు దాటకముందే చూసుకోండి. రికమండేషన్ లెటర్ అడిగేటప్పుడు మీరు చేసిన మూడు పనులు పాయింట్లుగా రాసి ఇవ్వండి, బిజీగా ఉన్న మనిషికి అదే సాయం. రిఫరెన్స్‌గా వాళ్ల పేరు, నంబరు ఇవ్వొచ్చా అని కూడా అడిగేయండి.

పీపీవో రాకపోయినా కోర్‌లోకి ఇంకో తలుపు ఉంది, అప్రెంటిస్‌షిప్. డిగ్రీ చేతికొచ్చాక కేంద్రం వాళ్ల అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఈసీఐఎల్, బీహెచ్ఈఎల్ లాంటి సంస్థల నోటిఫికేషన్లకు పెట్టుకోవచ్చు. ఏడాది శిక్షణ, 2019 నిబంధనల ప్రకారం గ్రాడ్యుయేట్లకు నెలకు కనీసం 9,000, తర్వాత ఏమైనా పెంచారేమో నోటిఫికేషన్‌లో చూసుకోండి. జీతంగా చూస్తే తక్కువే, కానీ ఏడాది ప్లాంటు అనుభవం రెజ్యూమెలో ఉంటే ప్రైవేటు కోర్ కంపెనీల ఇంటర్వ్యూల్లో మాట వేరుగా ఉంటుంది.

వచ్చేసిన తర్వాత గైడ్‌తో సంబంధం తెంచుకోకండి. పండగ ఫార్వర్డులు పంపమనడం లేదు. మూడు నాలుగు నెలలకోసారి, మీరు చేస్తున్న ప్రాజెక్టు గురించి నాలుగు లైన్లు, ఒక టెక్నికల్ సందేహం. ప్లేస్‌మెంట్ సీజన్ మొదలయ్యే ముందు రెజ్యూమె పంపి ఒకసారి చూడమనండి, వాళ్ల దగ్గరో తెలిసినవాళ్ల దగ్గరో ఖాళీలున్నాయేమో అడగండి. మీ జూనియర్ అమ్మాయిల్లో ఎవరైనా అక్కడికే వెళ్లాలనుకుంటే, ట్రైనింగ్ విభాగం నంబరు, షూస్ సంగతి, హాస్టల్ పేరు అన్నీ కలిపి ఒకే మెసేజ్‌లో రాసి వాళ్లకు ఇచ్చేయండి.